స్పానరు దురద

హ్యాంగర్‌లో కొత్తగా చేరిన కుర్రాడి చేతికి స్పానరు ఇస్తే ఏదో ఒక నట్టు తిప్పేదాకా వాడికి తోచదు. తిప్పితే పని చేసినట్టు, చూస్తూ నిలబడితే జీతం దండగ చేసినట్టు. నేను పని నేర్చుకున్న చోట ఒక పెద్దాయన ఉండేవాడు. మెదక్ వైపు మనిషి. ఇంజిన్ మీది మూత, కౌలింగ్, తెరిపించి, చేతులు వెనక్కి కట్టుకుని, టార్చి పళ్ల మధ్య పట్టుకుని అరగంట సేపు ఇంజిన్ చుట్టూ తిరిగేవాడు. మేం స్పానర్లతో దగ్గరికెళ్తే టార్చి నోట్లోంచి తీసి, "మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు గెలుకుతవ్ బిడ్డా? అది నిన్నేమన్న అడిగిందా?" అనేవాడు. ఆయన్ని వెనకాల బద్ధకస్తుడని అనేవాళ్లుండేవారు. ఆయన సంతకం పెట్టి పంపిన విమానం స్నాగ్‌తో, అంటే ఏదో లోపంతో, వెనక్కి రావడం మాత్రం అరుదని వాళ్లూ ఒప్పుకునేవాళ్లు.

రెండు సీట్లు, నాలుగు సీట్ల విమానాలకుండే పిస్టన్ ఇంజిన్లతో ఇన్నేళ్లు మెలిగాక నాకనిపించేది ఇదే: ఇంజిన్ ఎంచుకోవడంలోనైనా, దాన్ని సాకడంలోనైనా, కష్టమంతా చెయ్యి ఆపుకోవడంలోనే ఉంది.

పెద్దాయన మాటకు లెక్కల సాక్ష్యం నాకు చాలాకాలానికి దొరికింది. అదీ ఒక జీవశాస్త్రవేత్త దగ్గర. సి.హెచ్. వాడింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పిండాల ఎదుగుదల మీద పని చేసినవాడు. ఈ రోజు అందరి నోళ్లలో నానుతున్న ఎపిజెనెటిక్స్ అనే పేరు పెట్టింది ఆయనే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన్ని రాయల్ ఎయిర్ ఫోర్స్ కోస్టల్ కమాండ్‌లో లెక్కలు చూసే బృందంలో వేశారు. జర్మన్ జలాంతర్గాములను వెతకాల్సిన లిబరేటర్ విమానాలు, ఒక్కోదానికి నాలుగేసి పిస్టన్ ఇంజిన్లున్నవి, ఎగరాల్సిన వేళ నేల మీద మరమ్మతుల్లో ఉంటున్నాయి. ప్రతి 50 గంటలకూ ఒక పెద్ద తనిఖీ జరిగేది. తనిఖీ అయిన తర్వాత ఎన్ని గంటలకు ఏ స్నాగ్ వచ్చిందో వాడింగ్టన్ బృందం గీత గీసి చూసింది. మామూలు బుద్ధికి తోచేదేమిటంటే, తనిఖీ కాగానే స్నాగులు తక్కువగా ఉండాలి, తర్వాతి తనిఖీ దగ్గరపడే కొద్దీ పెరగాలి. కాగితం మీద సరిగ్గా తలకిందులుగా వచ్చింది. తనిఖీ అయిన వెంటనే స్నాగులు గుంపుగా వచ్చాయి, ఎగిరే కొద్దీ తగ్గుతూ పోయాయి, మళ్లీ తనిఖీ కాగానే పైకి లేచాయి. కుదురుగా ఉన్నదాన్ని కెలకడమే చాలావాటికి కారణమని ఆయన తేల్చాడు. తనిఖీల మధ్య వ్యవధి పెంచి, అక్కర్లేని పనులు తీసేశాక విమానాలు ఎక్కువ గంటలు గాల్లో ఉన్నాయి. యుద్ధకాలపు రహస్యం కాబట్టి ఈ సంగతులన్నీ పుస్తకంగా బయటికొచ్చేసరికి 1973 అయింది.

హ్యాంగర్‌లో పని చేసినవాడికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. బయట చెప్పుకోం, అంతే. ఒక గొట్టం తీసి పెడితే దాని క్లాంపు అరచుట్టు తక్కువ బిగుస్తుంది. లాక్ వైరు వేయాల్సిన చోట భోజనం గంట కొడుతుంది. చమురు తుడిచిన గుడ్డ కౌలింగ్‌లోనే ఉండిపోతుంది. ప్లగ్గు చేతిలోంచి జారి సిమెంటు మీద పడుతుంది. పైకి గీత కూడా కనబడదు, లోపలి పింగాణీ మాత్రం చీలి ఉండొచ్చు. అలా పడ్డ ప్లగ్గును చెత్తబుట్టలో వేయాలన్నది రూలు. నెలాఖరున స్టోర్సులో ఒకే ఒక్క కొత్త ప్లగ్గు ఉన్నప్పుడు ఆ రూలు ఎంతమంది పాటిస్తారో చూడటానికి అదో పరీక్ష.

తర్వాత 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నౌలన్, హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం ఇలాంటి నివేదికే రాశారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో వయసు మీరే కొద్దీ పాడయ్యేవి, అంటే గడువు పెట్టి మార్చేస్తే లాభం ఉండేవి, దాదాపు 11 శాతమే. మూడింట రెండొంతుల భాగాలు కొత్తగా బిగించినప్పుడే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాయి. వాళ్లు చూసింది పెద్ద జెట్ విమానాలను. వాటి లెక్క పిస్టన్ ఇంజిన్‌కు అచ్చంగా అతకదు. ఓవర్‌హాల్ అయి వచ్చిన ఇంజిన్ తొలి గంటల్లో విమానం నడిపే పైలట్ ముఖం చూస్తే, అతకనిది కూడా ఏమంత లేదనిపిస్తుంది.

అలాగని చేతులు కట్టుకు కూర్చోమనడం లేదు. విప్పకుండా చూడాలంటే చూడటం రావాలి, అది నట్టు తిప్పడం కంటే కష్టం.

ఆయిల్ మార్చే రోజునే తీసుకోండి. ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌కు 50 గంటలకోసారి, ఎగరకపోయినా నాలుగు నెలలకోసారి మార్చాలి. మార్చడం ఎవరైనా చేస్తారు. అసలు పని తీసేసిన పాత ఫిల్టర్‌తో మొదలవుతుంది. డబ్బాను కట్టర్‌తో గుండ్రంగా కోయాలి. రంపంతో కోస్తే ఆ రజను లోపల పడి లేనిపోని భయం పెడుతుంది. లోపలున్న ముడతల కాగితాన్ని కోసి తీసి, బెంచి వైసులో పెట్టి నూనె పిండి, ఎండలోకి పట్టుకెళ్లి విప్పాలి. ట్యూబ్‌లైటు చాలదు. ఎండలో ముడత ముడతా వాల్చి చూస్తే లోహం ఉన్నచోట తళుక్కుమంటుంది. నల్లటి పెచ్చు కనిపిస్తే వేళ్ల మధ్య నలపాలి. పొడి అయితే అది మసి, భయం లేదు. నలగకపోతే అయస్కాంతం చూపించాలి. అంటుకుంటే ఉక్కు: క్యామ్ షాఫ్టో, ట్యాపెట్టో, రింగో. అంటుకోకుండా తెల్లగా మెరిస్తే అల్యూమినియం, పిస్టన్ వైపు చూడాలి. పసుపు మెరిస్తే కంచు, వాల్వు గైడ్లనో బుష్షులనో అనుమానించాలి. ఒకటి రెండు వెంట్రుక ముక్కలుంటే పొట్లం కట్టి, తేదీ రాసి దాచి, ఈసారి గడువు రాకముందే ఇంకో ఫిల్టర్ కోస్తాం. చెంచాడు రజను కనబడితే మాత్రం చర్చ లేదు, ఇంజిన్ దిగాల్సిందే. ఇంత సమాచారం ఆ కాగితంలో ఉంటే, దాన్ని కోయకుండా డ్రమ్ములో పారేసేవాళ్లను నేను చాలామందినే చూశాను. కొత్త ఫిల్టర్ బిగించడమే వాళ్ల లెక్కలో పని.

కంప్రెషన్ పరీక్ష ఇంకా చిత్రమైనది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే ఒక ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి 80 పౌన్ల ఒత్తిడితో గాలి పంపిస్తాం. ప్రొపెల్లర్‌ను ఒకడు కదలకుండా పట్టుకోవాలి. పట్టు జారితే చేతులు విరుగుతాయి, అందుకే దీన్ని కొత్తవాడికి ఇవ్వరు. లోపల ఎంత ఒత్తిడి నిలిచిందో రెండో మీటరు చెబుతుంది: 80కి 74, 80కి 68. అందరూ మీటరు వంకే చూస్తారు. తెలిసినవాడు చెవి పెడతాడు. సైలెన్సర్ గొట్టం దగ్గర బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు కారుతోంది. కార్బురేటర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. ఆయిల్ పోసే మూత తీసి చెవి పెడితే గాలి చప్పుడు వస్తోందా, అయితే రింగులు. ఈ అంకె నిలకడ లేనిది. పొద్దున 60 చూపించిన సిలిండర్ గంట సేపు ఎగిరొస్తే 72 చూపిస్తుంది. పాతరోజుల్లో అంకె తగ్గిందంటే సిలిండర్ ఊడదీయడమే. ఇప్పుడు ఇంజిన్లు చేసే కాంటినెంటల్ కంపెనీయే అలా చేయొద్దంటుంది. 2003లో అది ఇచ్చిన సర్వీస్ బులెటిన్ ప్రకారం బోర్‌స్కోప్ లోపలికి పంపి చూడాలి, అంకె బాగోకపోతే ముందు కొంతసేపు ఎగిరొచ్చి మళ్లీ కొలవాలి.

బోర్‌స్కోప్ అంటే సన్నటి గొట్టం చివర చిన్న కెమెరా. ప్లగ్గు రంధ్రంలోంచి పంపి ఎగ్జాస్ట్ వాల్వు ముఖాన్ని ఫోన్ తెర మీద చూడొచ్చు. ఆరోగ్యంగా ఉన్న వాల్వు మీద మసి రంగులు వలయాలుగా, చంద్రుడికి వరదగుడి కట్టినట్టు, నడిమధ్య నుంచి అంచు దాకా సమంగా ఉంటాయి. కాలిపోతున్న వాల్వుకు ఆ గుడి ఒక పక్కకు ఒరుగుతుంది. అంచున ఒకచోట వన్నె మారుతుంది. అక్కడి నుంచే వేడి వాయువు కారుతోందన్నమాట. ఈ బొమ్మ చదవడం వచ్చాక, వాల్వు విరిగి పిస్టన్ మీద పడేదాకా ఆగక్కర్లేదు, అనుమానంతో మంచి సిలిండర్ ఊడదీయక్కర్లేదు.

మంచి సిలిండర్ ఊడదీస్తే ఏం పోయిందంటారా? సిలిండర్‌ను క్రాంక్‌కేసుకు పట్టి ఉంచే బోల్టుల్లో కొన్ని క్రాంక్‌కేసు రెండు చెక్కలనూ బిగించి పెట్టేవి కూడా. నాలుగు సిలిండర్లూ ఒకేసారి తీస్తే లోపలి మెయిన్ బేరింగ్ మీద పట్టు సడలుతుంది. తిరిగి బిగించేటప్పుడు టార్క్ సరిగ్గా రాకపోతే బేరింగ్ షెల్లు పక్కకు జరిగే వీలుంది. అది జరిగి నూనె దారి మూసుకుపోతే క్రాంక్ షాఫ్టే పోతుంది. సిలిండర్ పోతే ఇంజిన్ గరగరమంటూ ఇంటికి చేర్చవచ్చు. క్రాంక్ షాఫ్ట్ పోయిన ఇంజిన్ చేర్చదు. చిన్న జబ్బుకు పెద్ద ఆపరేషన్ చేయడమంటే ఇదే.

ఇక ఎంపిక సంగతి. డాలస్‌లో ఉన్న మా బంధువుల అబ్బాయి ఒకడు సాఫ్ట్‌వేర్ పని చేస్తూ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక విమానం కొందామని అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. "బాబాయ్, లైకమింగ్ ఓ-320 ఉన్న పాత సెస్నా తీసుకోమంటారా, రోటాక్స్ ఉన్న కొత్తది తీసుకోమంటారా?" అని. వాడి అనుమానం అందరికీ వచ్చేదే. ఓ-320 అంటే 1950ల నాటి డిజైన్. 5.2 లీటర్ల పొట్ట పెట్టుకుని 150, 160 హార్స్‌పవరే ఇస్తుంది. దానిలో నాలుగో వంతు ఉన్న కారు ఇంజిన్ టర్బో పెట్టుకుని 100 దాటిస్తోంది కదా అంటాడు.

ఆ పొట్టకో కారణం ఉంది. ఓ-320లో ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్ షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది, నడుమ గేర్లు లేవు. నిమిషానికి 2700 చుట్లు తిరిగితే దాదాపు రెండు మీటర్ల ప్రొపెల్లర్ కొస సెకనుకు 270 మీటర్ల వేగం అందుకుంటుంది. ఇంకా తిప్పితే కొస ధ్వని వేగానికి దగ్గరై రొద పెరుగుతుందే తప్ప లాగుడు పెరగదు. చుట్లు పెంచలేం కాబట్టి సిలిండరే పెద్దది చేశారు. పైగా హైవే మీద పోయే కారు తన శక్తిలో చిన్న వాటాతో నడిచిపోతుంది. విమానం ఇంజిన్ గంటల తరబడి 65, 75 శాతం శక్తితో, గాలి చల్లదనం ఒక్కటే ఆధారంగా నడవాలి. సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు, రెండు మ్యాగ్నెటోలు, బ్యాటరీ చచ్చినా ఆగని నిప్పురవ్వ. మొరటుదే కానీ దాని రోగాలన్నీ తెలిసినవే. ఫలానా చప్పుడుకు ఫలానా కారణమని ప్రతి దేశంలోనూ చెప్పగలిగే ముసలి మెకానిక్ ఒకడు ఉంటాడు.

బాగున్నదాన్ని గెలికే దురద మెకానిక్‌కే కాదు, కంపెనీకీ ఉంటుంది. 1977 మోడల్ సెస్నా 172కు లైకమింగ్ కొత్తగా ఓ-320-హెచ్2ఏడీ అనే ఇంజిన్ ఇచ్చింది. రెండు మ్యాగ్నెటోలనూ ఒకే డబ్బాలో పెట్టి ఒకే ఇరుసు మీద తిప్పారు. క్యామ్, ట్యాపెట్ల అమరిక మార్చారు. కొద్ది కాలానికే ట్యాపెట్లు పెచ్చులూడి, క్యామ్ అరిగి ఇంజిన్లు దిగసాగాయి. ఆయిల్‌లో కలిపే మందొకటి, మార్పులు కొన్ని చేసి చూశారు. చివరికి 1981 మోడల్‌కు సెస్నా మళ్లీ పాత బాణీ ఓ-320కే తిరిగొచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ చెడ్డపేరు ఇంజిన్లే రోజూ ఎగిరే శిక్షణ సంస్థల్లో నిక్షేపంగా గంటలు పూర్తి చేశాయి. నెలకోసారి ఎగిరేవాళ్ల దగ్గరే చచ్చాయి.

థీలర్ట్ కథ ఇంకో రకం. జర్మనీలో ఆ కంపెనీ మెర్సిడెస్ కారు డీజిల్ ఇంజిన్‌ను మలిచి 135 హార్స్‌పవర్ విమాన ఇంజిన్ చేసింది. విమానాల పెట్రోలు ఏవ్‌గ్యాస్ బదులు జెట్ ఇంధనం తాగుతుంది, మిక్స్చర్ లివర్ లేదు, ఖర్చు తక్కువ. అంతా మెచ్చుకున్నారు. గేర్‌బాక్సును 300 గంటలకోసారి దింపి పంపాల్సి వచ్చేది, వెయ్యి గంటలకు ఇంజిన్‌ను ఓవర్‌హాల్ చేయడం కాదు, మొత్తంగా మార్చాల్సి వచ్చేది. అదైనా భరించారు. 2008లో కంపెనీ దివాలా తీసింది. వారంటీలు పోయాయి, విడిభాగాల ధరలు మారాయి, డైమండ్ డీఏ-42లు కొనుక్కున్నవాళ్లు దిక్కు తోచక కూర్చున్నారు. డైమండ్ కంపెనీ ఆస్ట్రో పేరుతో సొంతంగా డీజిల్ ఇంజిన్ చేసుకోవాల్సి వచ్చింది. అంచేత అబ్బాయికి నేను చెప్పేది, హార్స్‌పవర్ తర్వాత అడుగు, పదిహేనేళ్ల తర్వాత దీని సీలు ఎవరమ్ముతారో ముందు అడుగు అని.

మన దగ్గర ఎంపిక ఇంజిన్‌తో మొదలవదు, ఇంధనంతో మొదలవుతుంది. పాత పిస్టన్ ఇంజిన్లు తాగే ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్‌ను చాలాకాలం దిగుమతి చేసుకున్నాం. ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారుచేసి 2022లో విడుదల చేసింది. జెట్ ఇంధనం దాదాపు ప్రతి విమానాశ్రయంలోనూ ఉంటుంది. శిక్షణ సంస్థలు డీజిల్ డీఏ-42ల వైపు మొగ్గడంలో ఈ లెక్క చాలా ఉంది. బెంగళూరు ఎన్ఏఎల్ వాళ్ల శిక్షణ విమానం హంసలో ఉన్నదీ రోటాక్సే. కొత్త హంస-ఎన్‌జీకి కంప్యూటర్ ఇంధనం చిమ్మే 912 ఐఎస్. రోటాక్స్‌ను చూసి ముక్కు విరిచే ముసలి మెకానిక్‌లలో నేను లేను. 1.35 లీటర్ల చిన్న ఇంజిన్ 5800 చుట్లు తిరిగి, గేర్లతో ప్రొపెల్లర్‌ను నెమ్మదింపజేసి 100 హార్స్‌పవర్ ఇస్తుంది. మామూలు పెట్రోలు తాగుతుంది. పైగా సీసం కలిసిన ఏవ్‌గ్యాసే దానికి పడదు, తాగిస్తే ఆయిల్ తొందరగా మార్చాలి. అందులో ఆయిల్ కొలవడం నాకు ముచ్చట. ప్రొపెల్లర్‌ను తిరిగే దిక్కుకే చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పోవాలి. ఇంజిన్ అడుగునున్న నూనె అంతా ట్యాంకులోకి చేరాక ట్యాంకు గుడగుడమంటుంది. ఆ చప్పుడు వినకుండా కడ్డీ ముంచి చూస్తే అంకె తప్పు. రోటాక్స్ చేసిన ఆస్ట్రియా ఇంజినీర్లు కూడా చెవినే నమ్ముకున్నారు.

దుండిగల్ వైమానిక దళ అకాడమీని తలుచుకోకుండా ఈ మాట పూర్తికాదు. వైమానిక దళం కుర్రాళ్లు తొలి పాఠాలు నేర్చుకున్న హెచ్‌పీటీ-32 దీపక్‌లో ఉన్నది లైకమింగ్ 540 కుటుంబం ఇంజిన్, 260 హార్స్‌పవర్. ప్రపంచమంతా నమ్మిన కుటుంబమది. అయినా ఆ విమానంలో ఇంజిన్ ఆగిపోవడం పదేపదే జరిగింది. 2009 జులైలో ఇద్దరు శిక్షకులు చనిపోయాక దాన్ని నేల మీదే ఉంచేశారు. 2013లో టర్బోప్రాప్ ఇంజిన్ ఉన్న పిలాటస్‌లు వచ్చాయి. ఇంజిన్ మంచిదైతే సరిపోదు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఇంధనం నడిచే దారి, కౌలింగ్‌లో గాలి ఆడే తీరు, ఆగితే విమానం ఎంత దూరం జారగలదు అన్నవన్నీ కలిపి కొనుక్కోవాలి. బ్రోషర్‌లో ఇంజిన్ పేజీ వేరే, విమానం పేజీ వేరే ఉంటాయి కాబట్టి మనం విడివిడిగా చదువుతాం.

ఇంజిన్‌కు అసలు శత్రువు వాడకం కాదు, నిలిపి పెట్టడం. లైకమింగ్‌లో క్యామ్ షాఫ్ట్ క్రాంక్ షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఆపిన కొన్నాళ్లకు నూనె అంతా కిందికి జారి క్యామ్ ఒట్టిగా మిగులుతుంది. విశాఖ లాంటి చోట వానాకాలంలో నెల రోజులు ఊరికే నిలిపితే దాని మీద తుప్పు చుక్కలు పడతాయి. ఆ చుక్కలే తర్వాత ఫిల్టర్‌లో మెరుపులుగా బయటపడతాయి. అందుకే ఓవర్‌హాల్‌కు 2000 గంటలతో పాటు 12 ఏళ్ల గడువు కూడా రాసి పెట్టారు. లాక్‌డౌన్ నెలల్లో ఎగరని విమానాలను వారానికోసారి నేల మీద పది నిమిషాలు నడిపి ఏదో మేలు చేశామనుకున్నవాళ్లున్నారు. అలా నడిపితే మండిన ఇంధనంలోని నీరు ఆయిల్‌లో చేరుతుంది, ఆ నీరు ఆవిరయ్యేంత వేడి మాత్రం ఎక్కదు. ఎగరాలి, లేదా ప్రిజర్వేటివ్ ఆయిల్ పోసి పద్ధతిగా మూయాలి. మధ్యేమార్గం లేదు.

తప్పకుండా ముట్టుకోవాల్సినవీ ఉన్నాయి. మ్యాగ్నెటో లోపల కాంటాక్టులు 500 గంటలకు చూడాల్సిందే. రబ్బరు గొట్టాలు చూడటానికి బాగున్నా వయసొస్తే మార్చాల్సిందే. వాడింగ్టన్ పేరు చెప్పి వీటిని ఎగ్గొట్టేవాడు మెకానిక్ కాడు. అమెరికాలో సొంత విమానం యజమాని ఇంజిన్ బాగుందని 2000 గంటలు దాటించుకోవచ్చు. మన దగ్గర డీజీసీఏ ఆమోదించిన మెయింటెనెన్స్ ప్రోగ్రాములో ఎంత రాసి ఉంటే అంతే. దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. అయితే గడువు దాటిన ఇంజిన్‌కు పడే భయంలో సగమైనా, నిన్న ఓవర్‌హాల్ షాపు నుంచి పెట్టెలో దిగిన ఇంజిన్‌కు పడితే బాగుంటుంది.

ఆమధ్య ఒక క్లబ్బు వాళ్లు మూడో సిలిండర్ పోయిందని పిలిచారు. అంతకుముందు చూసినవాళ్లకు 80కి 58 వచ్చిందట. కొత్త సిలిండర్‌కు కొటేషన్ కూడా తెప్పించి పెట్టుకున్నారు. చెవి పెడితే రింగుల వైపు కొద్దిగా గాలి, వాల్వుల దగ్గర నిశ్శబ్దం. బోర్‌స్కోప్‌లో వాల్వు శుభ్రంగా ఉంది, సిలిండర్ గోడ మీద గీతల్లేవు. గంట సేపు ఎగరేసి రమ్మని మళ్లీ కొలిస్తే 71. లాగ్ బుక్‌లో అంతా రాసి, సిలిండర్ తీయలేదని కూడా రాసి, సంతకం పెట్టి బిల్లు ఇచ్చాను. సెక్రటరీగారు రిటైరైన ఆఫీసరు, మర్యాదస్తుడు. బిల్లు రెండుసార్లు తిరగేశారు.

"ఇంతకీ ఏం మార్చారు సార్?"

"ఏమీ మార్చలేదండీ."

"మరి ఇది?"

"చూసినందుకు."

ఆయన కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, "పోనీ ఒక ప్లగ్గైనా మార్చినట్టు రాయరాదూ, ఆడిట్ వాళ్లకు చెప్పుకోడానికి వీలుగా ఉంటుంది" అన్నారు.

రాయలేదు. ఆ ప్లగ్గులకు ఇంకా చాలా గంటల ఆయుష్షుంది.